నాన్న డిగ్రీ చదువుతానంటున్నారు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నేను ప్లస్ త్రీ బీఎస్సీ రెండో ఏడు చదువుతున్నాను. మా నాన్న పదో తరగతి తెలుగు మీడియంలో పాసై ఆర్మీలో చేరారు. ఆర్టిలరీలో 20 ఏళ్లు చేసి, రెండేళ్ల క్రితం హవల్దార్‌గా పెన్షన్ మీద వచ్చేశారు. ఇప్పుడు 41 ఏళ్లు. ఒక షోరూమ్‌లో సెక్యూరిటీ ఉద్యోగానికి కుదిరి మూడు నెలలకే మానేశారు. రెజిమెంట్ వాలీబాల్ టీమ్‌లో ఆడేవారు, ఇప్పుడు సాయంత్రాలు వీధి పిల్లలకు నేర్పుతున్నారు. ‘చదువుకుంటాను, టీచర్నవుతాను’ అంటున్నారు. ఆర్మీ వాళ్లు డిగ్రీ సర్టిఫికెట్ ఇచ్చారు, దాంతో నేరుగా బీఈడీలో చేరొచ్చంటారు. నిజమేనా? అమెరికా యూనివర్సిటీల్లో మాజీ సైనికులకు ప్రత్యేకంగా ఆఫీసు ఉంటుందని ఒక వీడియోలో చూశాను. మన దగ్గర కూడా ఉంటుందా? ఆయన చదువులో చేరితే నాకు స్కాలర్‌షిప్ రాదా? ఇంకో సంగతి, ఆయన మా కాలేజీలోనే చేరతానంటున్నారు. మాట తక్కువ మనిషి, ఏదైనా రెండుసార్లు చెప్పాలి. ఫ్రెండ్స్ ఏమనుకుంటారో అని కాస్త టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ముందు ఆ సర్టిఫికెట్ సంగతి తేల్చేద్దాం. బరంపురంలో నా దగ్గరకు వచ్చే మాజీ సైనికులు చాలామంది దాన్ని లామినేషన్ చేయించి మరీ తెస్తారు. టేబుల్ మీద పెట్టి ‘సార్, నేను గ్రాడ్యుయేట్‌ని’ అంటారు. కాదని చెప్పడం నాకూ కష్టంగానే ఉంటుంది.

1986 నాటి కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వు ఒకటుంది. పదో తరగతి పాసై, సైన్యంలో కనీసం 15 ఏళ్లు పనిచేసినవారిని డిగ్రీ అడిగే గ్రూప్-సి ఉద్యోగాలకు అర్హులుగా తీసుకోవచ్చని అది చెబుతుంది. మీ నాన్నగారి చేతిలో ఉన్న కాగితానికి ఆధారం అదే. ఉద్యోగాల దరఖాస్తులో అది పనిచేస్తుంది, అడ్మిషన్ ఫారంలో పనిచేయదు. బీఈడీకి డిగ్రీలో సాధారణంగా 50 శాతం మార్కులు అడుగుతారు. ఆ కాగితంలో సబ్జెక్టులూ లేవు, మార్కులూ లేవు, మరి దేని మీద శాతం కడతారు? ఎవరైనా ఏజెంటు ‘నేను చూసుకుంటాను’ అంటే డబ్బు మాత్రం ఇవ్వకండి.

అలాగని దాన్ని బీరువాలో పెట్టి తాళం వేయొద్దు. ఆర్మీ స్పెషల్ సర్టిఫికెట్ ఆఫ్ ఎడ్యుకేషన్ ఉండి 15 ఏళ్ల సర్వీసు దాటిన మాజీ సైనికులు, డిగ్రీ లేకపోయినా, ఐబీపీఎస్ బ్యాంకు క్లర్కు పరీక్ష రాయొచ్చు. ప్రభుత్వ బ్యాంకుల్లో క్లర్కు ఉద్యోగాల్లో మాజీ సైనికులకు 14.5 శాతం రిజర్వేషన్ ఉంది. మామూలు వాళ్లకు వయసు 28 దాటకూడదు. వీళ్లకు సర్వీసు చేసిన కాలం, దానిపైన ఇంకో మూడేళ్లు కలుపుతారు, మొత్తం 50 దాటకుండా. కాబట్టి 41 అడ్డు కాదు. మన సరిహద్దు వాళ్లు తరచూ మరిచిపోయే సంగతి ఒకటి చెబుతాను. ఈ పరీక్షకి ఒక్క రాష్ట్రాన్నే ఎంచుకోవాలి, ఆ రాష్ట్ర భాష చదవడం, రాయడం రావాలి. మీ నాన్నగారికి ఒడియా మాట్లాడటం వచ్చినా రాయడం తడబాటుగా ఉంటే ఆంధ్రప్రదేశ్ ఖాళీలకు పెట్టమనండి. పదో తరగతి మార్కుల జాబితాలో తెలుగు ఉంటుంది, పరీక్ష కూడా తెలుగులో రాసుకోవచ్చు. పాతపట్నం దాటితే ఆంధ్రాయేగా.

ఇక నువ్వు చూసిన వీడియో. అది నిజమే. అమెరికాలో 1944లో జీఐ బిల్లు అనే చట్టం వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన లక్షల మంది సైనికులు దాని డబ్బుతోనే కాలేజీ చదువులు చదివారు. ఇప్పుడు అమల్లో ఉన్న రూపంలో, పూర్తి అర్హత ఉన్నవారికి 36 నెలల చదువు వరకు ఫీజు, ఇంటి ఖర్చు, పుస్తకాల సాయం అందుతాయి. ఈ విద్యార్థి నిజంగా ఇన్ని క్లాసుల్లో చేరాడని ప్రభుత్వానికి ధ్రువీకరించే ఉద్యోగి, ఈ సాయానికి గుర్తింపు పొందిన ప్రతి యూనివర్సిటీలో ఉంటాడు. సైన్యంలో చేసిన ట్రైనింగ్‌ను కాలేజీ క్రెడిట్లుగా లెక్కగట్టే ట్రాన్స్‌క్రిప్ట్ కూడా ఉంటుంది. నువ్వు చూసిన ఆఫీసు ఇలాంటి పనులన్నీ ఒకే గదిలో చేసిపెడుతుంది.

మన దగ్గర ఒక్కచోట ఇన్ని పనులు జరగవు. దాదాపు అవే పనులు నాలుగైదు బల్లల దగ్గర చెల్లాచెదురుగా ఉంటాయి, మనమే తిరగాలి. ట్రైనింగ్‌కి క్రెడిట్లు ఇచ్చే పద్ధతి ఇక్కడ అగ్నివీరులకు ఉంది. 2022లో వాళ్ల కోసం కేంద్ర ఓపెన్ యూనివర్సిటీ ఇగ్నో ప్రకటించిన డిగ్రీలో సగం క్రెడిట్లు సర్వీసులో నేర్చిన పని నుంచే వస్తాయి. మీ నాన్నగారు పాత పద్ధతి మనిషి, ఆ దారి ఆయనకు లేదు. మీ ఇంట్లో అగ్నివీరుడైన తమ్ముడో బావో ఉంటే చెప్పి ఉంచు.

ఆయన అసలు దారి ప్లస్ టూ నుంచి మొదలుపెట్టాలి. ఈ మాట ఆయనకు నచ్చదు. ‘పిల్లలతో పాటు ఇంటర్మీడియటా’ అంటారు. కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్ ఎన్‌ఐఓఎస్‌లో ఇంట్లో ఉండే చదవొచ్చు. ఒక భాషతో కలిపి ఐదు సబ్జెక్టులు పాసవ్వాలి. ఐదేళ్ల గడువు, తొమ్మిది అవకాశాలు ఇస్తారు. ఏప్రిల్‌లో రెండు సబ్జెక్టులు, అక్టోబరులో మూడు, అలా విడగొట్టుకుని రాయొచ్చు. ప్లస్ టూ ఎగ్గొట్టి ప్రిపరేటరీ కోర్సుతో బీఏలో చేరడం లాంటి అడ్డదారులు ఎవరైనా చెబుతారు. తర్వాత ఉద్యోగాల దగ్గర, బీఈడీ దగ్గర 10+2+3 క్రమం అడిగినప్పుడు అక్కడే ఆగిపోతారు. ఏడాది ఆదా అవుతుందని దానికి పోకండి.

మీడియం విషయంలో నా సలహా నీకు వింతగా అనిపించొచ్చు. హిందీ తీసుకోమను. 20 ఏళ్లు హిందీలోనే రిపోర్టు ఇచ్చి, హిందీలోనే తిట్లు తిని, హిందీలోనే సెలవు అడిగిన మనిషి. ఇంగ్లిష్ కంటే అది ఆయన నాలుక మీద ఉంది, లిపి కాస్త సాధన చేస్తే చాలు. ఎన్‌ఐఓఎస్‌లోనూ ఇగ్నో బీఏలోనూ హిందీ మీడియం ఉంది. ఇగ్నోకి కోరాపుట్‌లోనూ విశాఖపట్నంలోనూ రీజనల్ సెంటర్లున్నాయి. చేరేటప్పుడే స్టడీ సెంటర్ ఎంచుకోవాలి కాబట్టి రైలుకో బస్సుకో మీకు అనువైనది చూసుకోండి. బీఏ మూడేళ్లది, ఆరేళ్ల వరకు సాగదీసుకోవచ్చు. అసైన్‌మెంట్లకు 30 శాతం, పరీక్షకు 70 శాతం. అసైన్‌మెంట్లు చేత్తో రాయాలి. అదే ఆయనకు మొదటి ఆరు నెలలు నరకం. వేళ్లు మొరాయిస్తాయి. రోజుకి ఒక పేజీ రాయించు, ఏదైనా సరే, పోస్టింగ్ కబుర్లయినా సరే.

కాగితాల సంగతి కాస్త నిదానంగా చదువు, అన్నిటికంటే ఎక్కువ నెలలు తినేది ఇదే. పోయిన ఏడాది ఒక రిటైర్డ్ నాయక్ ప్లాస్టిక్ ఫైలుతో వచ్చారు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, పూర్తిగా ఉంది. డిశ్చార్జ్ బుక్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించారు. ఆధార్‌లో చివరికి వెళ్లిపోయింది. మూడు కాగితాల ప్రకారం ముగ్గురు మనుషులు! దూరవిద్యలో చేరాలంటే ఇప్పుడు యూజీసీ దూరవిద్య విభాగం ఇచ్చే డెబ్ ఐడీ, దానికి విద్యార్థి క్రెడిట్లు జమయ్యే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఐడీ కావాలి, అవి ఆధార్ పేరుతో ముడిపడి ఉంటాయి. ఆయన ఒక అడ్మిషన్ సీజన్ మొత్తం పోగొట్టుకున్నారు. మన తెలుగువాళ్ల ఇంటిపేరుతో ఈ తంటా మామూలే. ఆధార్ పేరును పదో తరగతి మెమోతో కలిపేసుకోవడం తేలిక, ముందు అది చేయండి. డిశ్చార్జ్ బుక్‌లో తప్పుంటే జిల్లా సైనిక్ బోర్డు ద్వారా నాసిక్ రోడ్ క్యాంప్‌లోని ఆర్టిలరీ రికార్డ్స్‌కి రాయాలి. దానికి ఓపిక కావాలి.

టీచర్ కావడం గురించి. లెక్క వేద్దాం: ప్లస్ టూ ఏడాది, బీఏ మూడేళ్లు, బీఈడీ రెండేళ్లు. ఆయనకు 47 వస్తాయి. ఇగ్నో బీఈడీ ఇప్పటికే ట్రైనింగ్ పొందిన టీచర్ల కోసం, ఆయనకు వర్తించదు, కాలేజీకి వెళ్లే చదవాలి. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగమంటే ఒడియా పరీక్ష కూడా పాసై ఉండాలి. నా మనసులో మాట చెప్పాలంటే, బీఈడీ ఆలోచన మానేసి వ్యాయామ విద్య వైపు వెళ్లమంటాను. సాయంత్రం వీధి పిల్లలతో ఆయన చేస్తున్న పని అదేగా! ప్లస్ టూ తర్వాత రెండేళ్ల వ్యాయామ విద్య డిప్లొమా, డీపీఈడీ ఉంది, చిన్న తరగతుల పీఈటీ పోస్టుకి అది చాలు. అంటే మూడేళ్లలో చేతికొస్తుంది. బీఏ తర్వాతైతే బీపీఈడీ. సైనిక్ స్కూళ్లలో, ఆర్మీ స్కూళ్లలో, కాస్త పేరున్న ప్రైవేటు స్కూళ్లలో మాజీ సైనికుడికి గ్రౌండ్ అప్పగించడానికి ఇష్టపడతారు. మీకు దగ్గర్లోనే కోరుకొండ సైనిక్ స్కూల్ ఉంది, ప్రకటనలు గమనిస్తూ ఉండండి. ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది మరి, ఆయన మోకాళ్లు ఎలా ఉన్నాయో అడుగు. కొండల మీద పోస్టింగులు చేసినవాళ్లు నొప్పి ఉన్నా చెప్పరు.

నీ స్కాలర్‌షిప్‌కి ఆయన చదువు అడ్డురాదు. ఒక్క తేడా గుర్తుంచుకో. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ ఇంజనీరింగ్, నర్సింగ్, బీఈడీ లాంటి వృత్తి కోర్సుల పిల్లలకు. మామూలు బీఎస్సీకి రాదు. నీకు వర్తించేది కేంద్రీయ సైనిక్ బోర్డు ఎడ్యుకేషన్ గ్రాంటు. హవల్దార్, అంతకంటే కింది ర్యాంకు వారి పిల్లలకు, ఇద్దరి వరకు, డిగ్రీ అయ్యేదాకా ఇస్తారు. నెలకి 1,000 ఉండేదాన్ని 2025 నవంబరు నుంచి వచ్చే దరఖాస్తులకు 2,000 చేశారు. ఏడాది పాసయ్యాక ఆన్‌లైన్‌లో పెట్టాలి. నీ పేరు ఆర్మీ రికార్డుల్లో నీ మెమోలో ఉన్న స్పెల్లింగుతోనే ఉందో లేదో ఈ రాత్రే చూడు.

చివరగా కాలేజీ. ఆయన ప్లస్ టూ అయ్యాక ఒడిశా కాలేజీల ఆన్‌లైన్ అడ్మిషన్ (శామ్స్) దరఖాస్తులో మాజీ సైనికుల గడి నింపి మీ కాలేజీలో చేరాలనుకుంటే, అప్పటికి నువ్వు పాసై బయటికొచ్చేసి ఉంటావు. టెన్షన్ అక్కర్లేదు! కానీ నీ ఉత్తరంలో ఒక మాట నన్ను ఆపింది, ‘ఏదైనా రెండుసార్లు చెప్పాలి’ అని. ఆర్టిలరీలో 20 ఏళ్లు ఫిరంగుల పక్కన నిలబడిన మనిషి, తల్లీ. మాట తక్కువ అనుకుంటున్నారు గానీ, వినికిడి తగ్గిందేమో ఎప్పుడైనా చూపించారా? షోరూమ్‌లో ఉద్యోగం మూడు నెలలకే ఎందుకు మానేశారో అడిగావా? మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ కార్డు మీద చెవుల డాక్టరుకు ఉచితంగా చూపించి ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష, తీయించు. వైకల్యం 40 శాతం లేదా అంతకు మించి తేలితే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కింద ప్రభుత్వ కాలేజీల్లో 5 శాతం సీట్లలో ఆయనకూ అర్హత ఉంటుంది. పరీక్షలో అదనపు సమయం లాంటివి యూనివర్సిటీలో వికలాంగుల విభాగం ఉంటే అక్కడ అడగొచ్చు. సర్వీసులో వచ్చిన లోపమని తేలితే పెన్షన్ సంగతి కూడా సైనిక్ బోర్డులో అడగాలి. రాత్రిళ్లు నిద్రపట్టక తిరుగుతున్నారా అన్నది కూడా గమనించు. అలా ఉంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 టెలీ మానస్‌కి ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఎన్‌ఐఓఎస్ ఫారం నింపే ముందే ఆ ఆడియోగ్రామ్ తీయించండి. రిపోర్టు వచ్చాక మళ్లీ రాయి, ఏ దరఖాస్తులో ఏ గడి నింపాలో అప్పుడు చెబుతాను.