చార్మినార్ వెలిగింది సరే, టెంపరేచరే తప్పు

ప్రశ్న: అన్నా, ఎండీఎఫ్ షీటు మీద చార్మినార్ బొమ్మ లేజర్ కటింగ్ చేయించి, వెనకాల బాక్సులో ఒక్కోదాని రంగు విడిగా మార్చగలిగే డబ్ల్యూఎస్2812బీ ఎల్ఈడీలు 60 అంటించిన, వాటిని నడిపే చిన్న బోర్డు ఆర్డుయినో నానో పెట్టిన, వేడి కొలిచే డీహెచ్‌టీ11 సెన్సర్ కూడా ఆ బాక్సులోనే ఉంది. రూములో వేడిని బట్టి మినార్ల రంగు మారాలె, నడుమ అంకె రావాలె. కానీ రాత్రిపూట కూడా 37 చూపిస్తుంది, పక్కనే ఉన్న మామూలు థర్మామీటర్‌లో 32 ఉంది. కోడ్‌లో 5 తీసేస్తే అయిపోతదా? ఇంకోటి, అన్నీ ఫుల్ వైట్‌లో పెడితే చివరి మినార్ పసుప్పచ్చగా అయితుంది, ఒక్కోసారి బోర్డే రీస్టార్ట్ అయితుంది. పవర్ లాప్‌టాప్ యూఎస్‌బీ నుంచి ఇస్తున్న.
- ఇంజినీరింగ్ స్టూడెంట్, మల్కాజిగిరి

జవాబు: 5 తీసెయ్యకు తమ్ముడూ, ఇవాళ సరిపోతుంది, రేపు బ్రైట్‌నెస్ తగ్గించగానే 27 అంటుంది. ఒక్కో ఎల్ఈడీ ఫుల్ వైట్‌లో దాదాపు 60 మిల్లీయాంప్స్ లాగుతుంది, 60కి లెక్కేస్తే 3.6 యాంప్స్, అంటే 5 వోల్టుల మీద 18 వాట్లు, అంత వేడిని మూసిన బాక్సులో పెట్టి అందులోనే సెన్సర్ ఉంచితే అది గది సంగతి ఎట్లా చెప్తుంది? అనుమానముంటే లైట్లన్నీ ఆపి అరగంట వదిలేసి, సీరియల్ మానిటర్‌లో (బోర్డు పంపే అంకెలు లాప్‌టాప్‌లో కనిపించే విండో) చూడు, అంకె దిగుతూ వస్తుంది.

సెన్సర్ బయటికి తియ్యి. ఎట్లాగూ తీస్తున్నావు కాబట్టి డీహెచ్‌టీ11 బదులు డీఎస్18బీ20 అనే వేడి సెన్సర్ వేసుకో, ఎందుకంటే మొదటిది ప్లస్ ఆర్ మైనస్ 2 డిగ్రీలు, ఇది మన గది వేడిలో అర డిగ్రీ. కోఠి గుజరాతీ గల్లీలో పొడుగు వైరుతో స్టీలు గొట్టంలో దొరుకుతుంది. దాని డేటా వైరుకి, 5 వోల్టుల వైరుకి మధ్య 4.7 కిలోఓమ్ రెసిస్టర్ మర్చిపోకు. ఆన్ చెయ్యగానే 85 వస్తే భయపడకు, అది కొలత పూర్తి కాకముందే చదివితే వచ్చే నంబరు, పూర్తిగా కొలవడానికి 750 మిల్లీసెకన్లు పడుతుంది. మైనస్ 127 వస్తే మాత్రం వైరు ఊడినట్టే. ప్రోబ్‌ని, అంటే ఆ స్టీలు గొట్టాన్ని, ఏసీ గాలి తగిలేచోట, ఫ్రిజ్ మీద, సాయంత్రం ఎండ కొట్టే పడమటి గోడకి పెట్టకు.

పసుపు రంగు, రీస్టార్ట్ రెండూ పవర్ గొడవే. మామూలు యూఎస్‌బీ పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంప్స్, నువ్వడుగుతున్నది దానికి ఏడింతలు. స్ట్రిప్ చివరికి వెళ్లేసరికి వోల్టేజి పడిపోతుంది, నీలానికి ఎరుపు కంటే ఎక్కువ వోల్టేజి కావాలి కాబట్టి ముందు నీలం డల్ అవుతుంది, తెలుపు కాస్తా పసుపవుతుంది. 5 వోల్టులు 4 యాంప్స్ అడాప్టర్ కొని స్ట్రిప్ రెండు చివర్లా నేరుగా పవర్ ఇవ్వు, నానో గ్రౌండ్ (మైనస్) వైరు కూడా దానికే కలుపు. అయినా ఇంట్లో గోడకి ఫుల్ వైట్ దేనికి, కళ్లు పోతాయ్! బ్రైట్‌నెస్ 255కి 60 పెట్టి చూడు, రాత్రి అదే ఎక్కువ.

రంగుల విషయం నువ్వడగలేదు గానీ చెప్తా. కొన్ని రెడీమేడ్ కోడ్‌లు 0 నుంచి 50 డిగ్రీలకి నీలం నుంచి ఎరుపు పరుస్తాయి, మన ఊళ్లో ఇంటి లోపల ఏడాదంతా ఆ మధ్య ముక్కలోనే తిరుగుతుంది, నీ మినార్లు జనవరిలో ఎట్లున్నాయో మేలో కూడా దాదాపు అట్లే ఉంటాయి. 20 నుంచి 38 పెట్టుకో. వేడి అంకెని రంగు అంకెగా మార్చే ఆర్డుయినో మ్యాప్ ఫంక్షన్ దశాంశాలు కొట్టేస్తుంది, 29.6 ఇస్తే 29 అనుకుంటుంది, అందుకే అన్నిటినీ 10తో గుణించి 296, 200, 380 అని ఇవ్వు. చివరి పది రీడింగుల సగటు తీసుకుంటే రంగు అటూఇటూ ఊగిసలాడదు.

ప్రశ్న: ఇలాంటిదే ఈఎస్‌పీ8266 అనే వైఫై బోర్డుతో చేశానండి. మొదటి ఎల్ఈడీ పిచ్చిపిచ్చిగా మెరుస్తోంది, మిగతావీ దాని వెంటే. ఎల్ఈడీ పోయిందా?
- గృహిణి, కూకట్‌పల్లి

జవాబు: పోయి ఉండకపోవచ్చండి. మీ బోర్డు ఇచ్చే సిగ్నల్ 3.3 వోల్టులు, 5 వోల్టుల మీద నడిచే ఆ ఎల్ఈడీకి కనీసం 3.5 కావాలి, అందుకే ఒకసారి అర్థమవుతుంది ఒకసారి కాదు. మధ్యలో సిగ్నల్‌ని 5 వోల్టులకి పెంచే 74ఏహెచ్‌సీటీ125 ఐసీ పెట్టండి, డేటా వైరు కూడా వీలైనంత పొట్టిగా ఉంచండి. అప్పటికీ అదే మెరిస్తే ఆ మొదటి ఎల్ఈడీని కత్తిరించి రెండోదాని నుంచి మొదలుపెట్టండి.