వ్యాన్ గో పడకగది బొమ్మ: మంచం పైన గోడ చూడండి

మీ ఇంట్లో ఉన్న వ్యాన్ గో పడకగది ప్రింటుకి సరైన పేరేంటి, అసలుది ఎక్కడుంది అని అడిగారు. ఒకచోట ఆమ్‌స్టర్‌డామ్ అనీ ఇంకోచోట చికాగో అనీ ఉందన్నారు. రెండూ నిజమే. తన పడకగదిని డచ్చి చిత్రకారుడు వ్యాన్ గో నూనె రంగుల్లో మూడుసార్లు వేశాడు.

మా ఇంట్లోనూ ఇదే తంటా. పాత క్యాలెండర్ పేజీ ఒకటి కావలిలో పటం కట్టించాను. ఫ్రేములో పట్టడానికి షాపతను కింద అంచు కత్తిరించాడు, వివరాలన్నీ దాంతోనే పోయాయి. ఆమ్‌స్టర్‌డామ్‌దేనని ఏళ్లపాటు అందరికీ చెప్పాను. సెలవులకి ఒంగోలు నుంచి వచ్చిన మా మేనల్లుడు కుర్చీ ఎక్కి చూసి, "మామా, గోడకి సిపాయి బొమ్మ ఉండాలంట గదా, ఈడ ఆడమనిషి ఉందే?" అన్నాడు.

అదే ఆనవాలు. 1888 అక్టోబరులో ఫ్రాన్స్‌లోని ఆర్ల్ ఊళ్లో వేసిన మొదటిదాంట్లో మంచం పైన ఇద్దరు స్నేహితుల ముఖాలుంటాయి: చిత్రకారుడు బోక్, సైనికాధికారి మియే. అది ఆమ్‌స్టర్‌డామ్ వ్యాన్ గో మ్యూజియంలో ఉంది. ఆయన ఆస్పత్రిలో ఉండగా రోన్ నది వరదకి అది దెబ్బతింది. పెన్నా పొంగు చూసిన నెల్లూరువాళ్లకి చెమ్మ సంగతి చెప్పక్కర్లేదు. అందుకని 1889 సెప్టెంబరులో దాదాపు అదే కొలతలో మళ్లీ వేశాడు. అది చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. తల్లికీ చెల్లెలికీ ఇవ్వడానికి వేసిన చిన్నది పారిస్ ఓర్సే మ్యూజియంలో ఉంది. ఈ రెండిట్లోనూ గోడకి ఆయన సొంత ముఖం, పక్కన ఒక స్త్రీ ముఖం కనిపిస్తాయి. మీ ప్రింటు కింద కొలత ఉంటే తేలికే: ఓర్సేది సుమారు 57 × 74 సెంటీమీటర్లు, మిగతావి సుమారు 73 × 92.

రంగుని మాత్రం నమ్మకండి. ప్రింటు ప్రింటుకీ మారుతుంది. అసలు బొమ్మే మారిపోయింది: గోడలు లేత ఊదా రంగని ఆయన తమ్ముడు తియోకి రాశాడు, ఎరుపు వెలిసిపోయి ఇప్పుడు నీలంగా ఉన్నాయి.

పేరంటారా, ఆమ్‌స్టర్‌డామ్, చికాగోల్లో 'ది బెడ్‌రూమ్'. ఓర్సేలో మాత్రం 'ఆర్ల్‌లో వ్యాన్ గో గది' అనే అర్థమొచ్చే ఫ్రెంచి పేరు.

మీ పటాన్ని ఫోన్లో ఫొటో తీసి, మ్యూజియంల సైట్లలో ఉన్న బొమ్మల పక్కన పెట్టి పెద్దది చేసి చూడండి. మేమలాగే చూశాం, మాది చికాగోదని తేలింది. పటం వెనక అట్ట మీద 'ది బెడ్‌రూమ్, 1889, చికాగో' అని మా మేనల్లుడి చేతే రాయించాను.