బ్యాగ్ లేని అప్‌రైట్ వాక్యూమ్: కార్పెట్ చెడకుండా ఉండాలంటే ముందు బ్రష్ సంగతి చూడండి

మీరు అడిగింది: అమెరికాలో అద్దె ఇల్లు. పడకగదుల్లో దట్టమైన మెత్తటి కార్పెట్, హాల్లో బెర్బర్ రకం కార్పెట్, దాని మీద ఇంటి నుంచి తెచ్చుకున్న ఏలూరు ఊలు తివాచీ. బ్యాగ్ లేని అప్‌రైట్ కావాలి (నిలబడి తోసే వాక్యూమ్, దుమ్ము సంచిలో కాకుండా డబ్బాలో చేరేది), కానీ దేనికీ నష్టం జరగకూడదు. మూడింటికీ ఒకే మిషన్ సరిపోతుంది. అందరూ పీల్చే శక్తి ఎంత అని అడుగుతారు. మీరు మాత్రం బ్రష్‌ని ఆపే వీలుందా అని అడగండి.

కార్పెట్‌ని పాడుచేసేది గాలి కాదు, హెడ్ (నేలకు ఆనే భాగం) కింద తిరిగే బ్రష్ రోల్. అది నిమిషానికి కొన్ని వేల చుట్లు తిరుగుతూ పోగుల్ని కొడుతుంది. మీ పడకగదుల్లో ఉన్నది కట్ పైల్, అంటే పోగుల కొసలు కత్తిరించిన రకం. దానికి ఆ కొట్టుడు కొంత కావాలి, లేకపోతే అడుగున చేరిన ఇసుక పైకి రాదు. ఆ ఇసుక అక్కడే ఉంటే నడిచినప్పుడల్లా పోగుల మొదళ్లను రాపాడి కోస్తుంది. అందుకని ‘మెత్తగా ఉంటుంది’ అని శక్తి తక్కువ మిషన్ కొనడం కార్పెట్‌కి మేలేమీ కాదు. బెర్బర్ సంగతి వేరు. దాని పోగులు ఉంగరాల్లా ఉంటాయి. బ్రష్ కుచ్చు ఒక్క ఉంగరానికి తగులుకుంటే చాలు, స్వెట్టర్ అల్లిక ఊడినట్టు ఆ వరస వరసంతా లేచి వస్తుంది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో కోత పడేది ఇలాంటివాటికే.

కాబట్టి మిషన్‌లో మూడు చూడాలి. బ్రష్‌ని పూర్తిగా ఆపే స్విచ్, హెడ్ ఎత్తు పెంచి తగ్గించే డయల్, పీల్చుడు తగ్గించే చిన్న గాలి కిటికీ. మూడూ ఒకే మిషన్‌లో దొరకడం అరుదు. మీ ఇంటికి మొదటిది తప్పనిసరి, మూడోది దాదాపు తప్పనిసరి. షార్క్ నావిగేటర్ లిఫ్ట్-అవేలో బ్రష్ ఆగుతుంది, హ్యాండిల్ దగ్గర గాలి వదిలే రింగు ఉంటుంది, ఎత్తు డయల్ మాత్రం ఉండదు. హూవర్ విండ్‌టన్నెల్ వరసలో చాలావాటికి ఎత్తు డయల్ ఉంటుంది, కానీ బ్రష్ ఆగుతుందా లేదా అన్నది మోడల్‌ని బట్టి మారుతుంది. డైసన్ బాల్ యానిమల్ 3 హెడ్‌కి మూడు స్థాయిలున్నాయి, ధర ఎక్కువ, బరువూ ఎక్కువే. మేడ మీద గదులుంటే ఆలోచించండి. ఏ కంపెనీదైనా ‘హార్డ్ ఫ్లోర్’ (కార్పెట్ లేని గట్టి నేల) అని రాసి ఉంటే సంబరపడొద్దు. కొన్నింటిలో ఆ స్థానంలో బ్రష్ ఆగదు, నెమ్మదిస్తుందంతే. మిషన్‌ని కొంచెం వెనక్కి వంచి చూస్తే తెలిసిపోతుంది, చేతులూ చీర కొంగూ చున్నీలూ మాత్రం దూరంగా ఉంచండి.

పెట్టె మీద కనిపించే 12 ఆంప్స్ అన్న అంకె మోటారు తీసుకునే కరెంటు. పీల్చే బలానికి కొలత కాదు, దాన్ని పట్టించుకోవద్దు. అంతకంటే అమెరికా కార్పెట్ పరిశ్రమ సంఘమైన కార్పెట్ అండ్ రగ్ ఇన్‌స్టిట్యూట్ ముద్ర ఉందేమో చూడటం మేలు. వాళ్లు దుమ్ము ఎంత లాగుతోంది, ఎంత బయటికి వదులుతోంది అన్నవాటితో పాటు కార్పెట్ రూపు ఎంత చెడుతోందో కూడా పరీక్షిస్తారు.

చాలామంది దృష్టికి రాని ప్రమాదం ఇంకొకటుంది. మిషన్‌ని నిటారుగా నిలబెట్టి గొట్టంతో సోఫా కింద తుడుస్తుంటారు. చవక రకాల్లో అప్పుడు కూడా కింద బ్రష్ తిరుగుతూనే ఉంటుంది. ఒకేచోట రెండు మూడు నిమిషాలు రుద్దుకుంటే నైలాన్, పాలియెస్టర్ పోగులు వేడికి కరిగి మెరిసే మచ్చ పడొచ్చు. ఆ మచ్చ ఏ షాంపూకీ పోదు. దుకాణంలోనే హ్యాండిల్‌ని నిటారుగా బిగించి, బ్రష్ ఆగుతోందా అని నడిపించి చూడండి.

ఇంటికి తెచ్చాక ఎత్తు డయల్ ఉంటే అన్నిటికంటే పై స్థానంలో మొదలుపెట్టండి. ఒక్కో మెట్టు దించుతూ పోతే ఒకచోట శబ్దం మారుతుంది, మిషన్ కొంచెం ముందుకు లాగుతుంది. బ్రష్ కొసలు పోగుల్ని తాకింది అక్కడే, అక్కడే ఆపాలి. ఇంకా దించితే దుమ్ము ఎక్కువ రాదు, పోగులే అరుగుతాయి. డయల్ లేని మిషన్ మెత్తటి కార్పెట్‌కి అతుక్కుపోయి కదలకపోతే బలంగా తోయకండి, గాలి రింగు సగం తెరవండి. అయినా కదలకపోతే ఆ మిషన్ మీ కార్పెట్‌కి పనికిరాదు, వాపసు ఇచ్చేయండి. ఆ వీలు కోసం పెట్టె, రసీదు దాచుకోండి.

సరిగ్గా నడుస్తోందా అన్నది డబ్బాలో చూస్తే తెలుస్తుంది. బూడిదరంగు సన్న దుమ్ము పడితే మంచిదే. కార్పెట్ రంగు నూగు ఉండలు ఉండలుగా వస్తుంటే బ్రష్ మరీ కిందికి దిగిందని అర్థం. కొత్త కార్పెట్‌కీ ఊలు తివాచీకీ మొదటి కొన్ని నెలలు నూగు రావడం మామూలే, రానురాను తగ్గాలి.

బ్యాగ్ లేనిదాంట్లో పని ఫిల్టర్ దగ్గర. ముగ్గుపిండి, బియ్యప్పిండి, వాసన పోతుందని చల్లే బేకింగ్ సోడా, ఇలాంటి సన్న పొడులు సైక్లోన్‌ని (గాలిని సుడి తిప్పి దుమ్ము వేరుచేసే భాగం) దాటి ఫోమ్ ఫిల్టర్‌ని మూసేస్తాయి. ముందు చీపురుతో ఎత్తేయండి. డబ్బా గీత దాకా నిండకముందే ఖాళీ చేయాలి. ఫోమ్‌ని నెలకోసారి సబ్బు లేకుండా కడిగి, కనీసం 24 గంటలు ఆరబెట్టాలి. తడిగా పెడితే కంపు కొడుతుంది, మోటారు కూడా దెబ్బతినొచ్చు. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే డబ్బా ఖాళీ చేసే పని వాళ్లకివ్వొద్దు. నిజానికి అలాంటి ఇంటికి బ్యాగ్ ఉన్న రకమే మంచిది.

పొడుగు జుట్టు, పూలమాల దారం బ్రష్‌కి చుట్టుకుంటే కుచ్చులు గట్టి తాడులా మారి పోగుల్ని లాగుతాయి. రెండు వారాలకోసారి ప్లగ్ తీసి, మిషన్ తిరగేసి, రోలర్ పొడుగునా కత్తెర మొన పోనిచ్చి కత్తిరించండి. రెండు కొసల్లో బేరింగ్ దగ్గర ఇరుక్కున్నది కూడా తీయాలి. కాలిన రబ్బరు వాసన వస్తే బెల్ట్ జారుతున్నట్టు, వెంటనే ఆపేయండి.

ఇక తివాచీ. బ్రష్ ఆపి, గాలి కొంచెం వదులు చేసి, పోగులు వాలిన వైపే నడపండి. అరచేతితో నిమిరితే ఏ వైపు నున్నగా ఉంటే అదే వాలు. కుచ్చుల అంచుకి అరడుగు ఇవతలే ఆగండి, అక్కడ గొట్టానికి సోఫా బ్రష్ తగిలించి మధ్య నుంచి అంచు వైపు తుడవండి. నెలకోసారి తివాచీని తిరగేసి వెనకవైపు తుడిస్తే చేరిన ఇసుక కిందికి రాలుతుంది, తర్వాత నేల తుడుచుకోవచ్చు. వరంగల్ దరీలాంటి నూలు నేత ఉంటే దాని మీద అప్‌రైట్ నడపనే వద్దు. పలచగా ఉండటంతో హెడ్ లోపలికి లాక్కుని నలిపేస్తుంది. బయట దులిపి, గొట్టంతో తుడిస్తే సరిపోతుంది.

ఎప్పుడైనా ఇండియాకి తిరిగి వెళ్లే ఆలోచన ఉంటే ఖరీదైన మోడల్ జోలికి పోకండి. అమెరికాలో కొన్నది 120 వోల్టుల మిషన్, మన 230 వోల్టులకి తగిలిస్తే కాలిపోతుంది. దానికి సరిపడా ట్రాన్స్‌ఫార్మర్ మోయడం కంటే అమెరికాలోనే అమ్మేసి వెళ్లడమే నయం.