అమెరికాలోని వెస్ట్ వర్జీనియా స్టేట్ విశ్వవిద్యాలయం ల్యాండ్ గ్రాంట్ హోదా తిరిగి పొందడానికి అంత కాలం ఎందుకు పట్టింది?

ల్యాండ్ గ్రాంట్ అంటే వ్యవసాయ, సాంకేతిక విద్య నేర్పే కళాశాలలకు కేంద్ర ప్రభుత్వ సాయం అందించే హోదా. నల్లజాతి విద్యార్థులను చేర్చుకోని రాష్ట్రాలు వారికి వేరే కళాశాల చూపితేనే నిధులిస్తామని అమెరికా 1890లో చేసిన రెండవ మారిల్ చట్టం షరతు పెట్టడంతో, మరుసటి ఏడాది చార్లెస్టన్ సమీపంలో ఈ సంస్థ వెలసింది. పాఠశాలల్లో జాతివివక్ష చెల్లదన్న 1954 తీర్పు వెలువడిన కొద్దికాలానికే, 1957లో, రాష్ట్ర విద్యామండలి నిర్ణయంతో ఆ హోదా పోయింది. అసలు దెబ్బ తరువాత తగిలింది: ఇటువంటి నల్లజాతి కళాశాలల వ్యవసాయ పరిశోధనకు ఏటా నిధులిచ్చే కేంద్ర చట్టం 1977లో వచ్చేసరికి, ఈ సంస్థ ఆ జాబితాలోనే లేదు. ఇది నిస్సందేహంగా అన్యాయమే. 1991లో రాష్ట్రం హోదాను పునరుద్ధరించినా, పరిశోధనకూ, రైతుల ముంగిటికి వెళ్లి సలహాలిచ్చే సిబ్బందికీ డబ్బు కేంద్రం నుంచే రావాలి కనుక అక్కడి గుర్తింపు కూడా అవసరమైంది; అది పూర్తిగా దక్కింది 2001లో.