బావ పుస్తకం రాసేముందు

చిరంజీవి అల్లుడికి, కర్నూలు నుంచి మామ ఆశీస్సులు.

సంవత్సరీకం నాటికి మీ నాయన గురించి చిన్న పుస్తకం వేయాలనుకుంటున్నావని అక్క ఫోనులో చెప్పింది. చాలా సంతోషం. అయితే రాయడం ఇప్పుడే మొదలుపెట్టొద్దు. ముందు అటక మీదున్న ట్రంకుపెట్టె దించు.

అందులో బావ మిలిటరీ నుంచి దిగినప్పుడు ఇచ్చిన డిశ్చార్జ్ బుక్కు ఉంటుంది. చేరిన తేదీ, దిగిన తేదీ, ర్యాంకు, పతకాలు అన్నీ దాంట్లోనే ఉంటాయి. దాన్నీ, పెన్షన్ కాగితాన్నీ పొద్దున పూట నీడలో పెట్టి, ఫ్లాష్ లేకుండా పేజీ పేజీ ఫోటో తీసుకో. లామినేషన్ మాత్రం చేయించొద్దు. రేపు ఆ ప్లాస్టిక్కు ఊడదీయాల్సి వస్తే కాగితమే చిరిగి వస్తుంది. పుట్టినతేదీ దగ్గర కాస్త ఆగి చూడు. మిలిటరీలో రాయించిన తేదీకీ ఇంట్లో చెప్పుకునే ఏటికీ తరచుగా పొంతన ఉండదు. ఒకదాన్ని కొట్టేయకుండా రెండూ రాయి.

పతకాలను పాలిష్ పెట్టి తోమొద్దు. అంచు చుట్టూ సన్నటి అక్షరాల్లో నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉంటాయి. తోమేకొద్దీ అవి అరిగిపోతాయి. పొడి గుడ్డతో తుడిచి భూతద్దంతో చదువు. ఊరంతా సుబేదారు అని పిలిచారని పుస్తకంలోనూ సుబేదారని వేసేస్తారు, తీరా చూస్తే బుక్కులో హవల్దారు అని ఉంటుంది. ఇంకో పొరపాటు కూడా జరుగుతుంది. 1972 ఆగస్టు 15 నాటికి సర్వీసులో ఉన్నవాళ్ళందరికీ స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్ళైన గుర్తుగా ఒక పతకం ఇచ్చారు. దాన్ని యుద్ధంలో చూపిన సాహసానికి ఇచ్చారని రాసేస్తుంటారు. 1971 యుద్ధానికి గుర్తులు వేరే ఉన్నాయి: తూర్పు రంగంలో ఉంటే పూర్వీ స్టార్, పడమటి రంగంలో ఉంటే పశ్చిమీ స్టార్. లేనిది తగిలిస్తే బావ నిజంగా చేసినదాన్ని కూడా జనం నమ్మరు.

బావ మద్రాస్ సాపర్లలో, అంటే సైన్యంలోని ఇంజనీర్ల దళంలో పనిచేశాడు కదా, దాన్ని ‘శత్రువుతో పోరాడాడు’ అని ఒక్క ముక్కలో తేల్చేయకు. సాపర్ పని నదిమీద వంతెన వేయడం, మందుపాతరలు పాతడం, అవతలివాళ్ళు పాతినవి ఏరడం. నేలమీద బోర్లా పడుకుని, మట్టిలోకి ఏటవాలుగా పుల్ల దింపుతూ, తగిలింది రాయో పాతరో చేతికే తెలియాలి. ఇది ఎట్లా చేసేవారో బావతో పనిచేసిన తంబిల నోటనే విను (మద్రాస్ సాపర్లను తంబిలు అనే పిలుస్తారు). జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి పోయి మన వైపు మాజీ సైనికుల గురించి వాకబు చెయ్యి. ఆ వయసువాళ్ళు ఇంక ఎన్నాళ్ళో ఉండరు, ఆలస్యం చేయొద్దు.

పాత ఉత్తరాల మీద 56 ఏపీఓ, 99 ఏపీఓ అని ఉంటుంది, ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు. మనిషి ఏ ఊళ్ళో ఉన్నాడో బయటికి తెలియకూడదనే ఆ ఏర్పాటు. కాబట్టి చిరునామా చూసి ఊరు ఊహించకు. లోపల చలి, వాన, తిండి గురించి రాసిన మాటల్ని తేదీ పక్కన పెట్టుకుని తంబిలనే అడుగు.

ఇక అసలు సంగతికి వస్తా. జవానుకు ఏడాదికి 60 రోజులు వార్షిక సెలవు, 30 రోజులు కాజువల్. అన్నీ దొరికినా మిగతా తొమ్మిది నెలలు అక్క ఒక్కతే. శనక్కాయ విత్తనం, కూలీలు, మీ జ్వరాలు అన్నీ ఆమె తలమీదే పడ్డాయి. అందుకే పుస్తకంలో సగం ఆమెది కావాలి. ‘నాయన ఎట్లాంటోడు?’ అని అడిగితే ‘మంచోడు’ అంటుంది, అంతటితో మాట ఆగిపోతుంది. ‘సెలవుకొచ్చినప్పుడు పెట్టె తెరిచి మొదట ఏం తీసేటోడు?’ అని అడుగు. ‘గుంతకల్లు స్టేషనుకు ఎవరు పోయేటోళ్ళు?’ అని అడుగు. మనియార్డరు ఫారం అడుగున కూపన్ ముక్క మీద రెండు మాటలు రాసేవాళ్ళు, అవి దాచిందేమో చూడు.

ఆమె మాటలు ఫోనులో రికార్డు చేసుకో. ఫ్యాన్ హోరుకు మాట వినపడదు, ఆపాల్సిందే. మన ఎండల్లో ఆ పని పొద్దున ఏడు లోపలే సాగుతుంది. అరగంటకు మించి కూర్చోబెట్టొద్దు. ఏ సంవత్సరమో గుర్తురాకపోతే ఎమర్జెన్సీ (1975), ఎన్టీఆర్ గెలిచింది (1983), తుంగభద్ర వరద (2009) చెప్పి, దానికి ముందా వెనకా అని అడుగు.

రిటైరయ్యాక శివరాత్రికి నల్లమల అడవిలో శ్రీశైలానికి నడిచిపోయిన సంగతి విడిగా రాయి. వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను, కైలాసద్వారం అని దారి వరసగా పెట్టు. భీమునికొలను దాటాక మెట్ల దగ్గర ఎవరి మూట తన భుజాన వేసుకున్నాడో కనుక్కో. ‘సాహసి’ అన్న మాట అప్పుడు అక్కర్లేదు.

పిన్ను కొట్టే పుస్తకమైతే పేజీలు నాలుగు లెక్కన రావాలి, 32 గానీ 36 గానీ. ఫోటోలు 300 డీపీఐలో స్కాన్ చేయించు. ప్రెస్సుకు వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంటుగా పంపు. మామూలుగా పంపితే కుదించుకుపోయి అచ్చులో ముఖాలు మసకేస్తాయి.

అచ్చుకిచ్చే ముందు మొత్తం అక్కకు చదివి వినిపించు. ‘ఇది ఇట్ల కాదు’ అన్నచోటల్లా పెన్సిలుతో గుర్తు పెట్టుకో.

మీ మామ