పార్టు కోసం ముందే డబ్బు కట్టాం, ఎప్పుడొస్తుంది?

ప్రశ్న: నాకు మహీంద్రా థార్ రాక్స్ బండి ఉంది. దానికి రూఫ్ ర్యాక్ (బండి పైన సామాను పెట్టుకునే ఫ్రేము) కోసం కోయంబత్తూరు వైపు ఒక చిన్న తయారీదారు వెబ్‌సైట్లో 2025 జూన్ మొదట్లో ప్రీ-ఆర్డర్ పెట్టి, క్రెడిట్ కార్డు మీద మొత్తం 32 వేలు కట్టేశాను. ఎనిమిది వారాల్లో పంపుతామని సైట్లోనే రాశారు. జనవరి వచ్చేసింది. మొదట్లో ఎప్పుడడిగినా "ఇంకో రెండు వారాలు సార్" అనేవాళ్లు, ఇప్పుడు మెసేజ్ చూసి కూడా జవాబివ్వడం లేదు. నన్ను మోసం చేశారంటారా? ఏం చేయాలి?
– ఓ పాఠకుడు, ఉప్పల్, హైదరాబాద్

జవాబు: మోసమో కాదో ఈ నాలుగు ముక్కలతో తేల్చలేం. కానీ మీ డబ్బు వెనక్కి అడగడానికి వాళ్లు మోసగాళ్లని మీరు రుజువు చేయనక్కర్లేదండీ. చెప్పిన తేదీకి సరుకు ఇవ్వలేదు, అదొక్కటే చాలు. "పాపం చిన్నవాళ్లు, ఇంకొన్నాళ్లు చూద్దాం" అనుకుని గడువులన్నీ దాటిపోయాక ఉత్తరం రాసేవాళ్లు ఎక్కువ కాబట్టి ఈ మాట ముందే చెప్తున్నాను.

ముందు లోపల ఏం జరుగుతుందో చూడండి. కొత్త బండి మార్కెట్లోకి రాగానే దానికి ర్యాకులు, సైడ్ స్టెప్పులు, స్కిడ్ ప్లేట్లు (బండి అడుగుభాగాన్ని కాపాడే రేకులు) చేసే చిన్న వర్క్‌షాపుల మధ్య పోటీ మొదలవుతుంది. రాక్స్ 2024 ఆగస్టులో వచ్చింది. ఇలాంటప్పుడు కంప్యూటర్లో గీసిన బొమ్మ ఒక్కటి పెట్టి ప్రీ-ఆర్డర్లు తెరిచేవాళ్లు ఉంటారు, అప్పటికి అసలు బండి మీద పెట్టి చూసి కూడా ఉండరు. తీరా చూస్తే సన్‌రూఫ్ ఉన్న వేరియంటుకు అద్దం తెరుచుకోవడానికి ఎత్తు చాలదు, లేదా బోల్టు రంధ్రాలు అటూ ఇటూ అవుతాయి, మళ్లీ డిజైన్ మొదటికొస్తుంది. పైగా వీళ్లలో చాలామంది దగ్గర అన్ని మెషీన్లూ ఉండవు. లేజర్ కటింగ్ ఒకచోట, బెండింగ్ ఒకచోట, పౌడర్ కోటింగ్ ఇంకోచోట జాబ్ వర్కుకి ఇస్తారు. ఆ కోటింగ్ యూనిట్‌కి పెద్ద కంపెనీ లోడు వచ్చిందంటే వీళ్ల ఇరవై ర్యాకులు మూలకు పోతాయి. అల్యూమినియం అయితే ఇంకో చిక్కు. ఆ ఆకారానికి డై (అచ్చు) చేయించాలి, ఆ అచ్చులోంచి అల్యూమినియం నెట్టి కడ్డీలు తీసే ఎక్స్‌ట్రూజన్ వాళ్లు కనీసం ఇన్ని కిలోలు తీసుకుంటేనే మెషీన్ ఎక్కిస్తామంటారు, అన్ని ఆర్డర్లు పోగయ్యేదాకా మొదట కట్టినవాళ్లు కూర్చోవాల్సిందే.

ఇవన్నీ నిజమైన ఇబ్బందులే, నాకు వాళ్ల మీద గౌరవం కూడా ఉంది. బండి కంపెనీలు పట్టించుకోని చిన్న చిన్న అవసరాలు తీర్చేది వీళ్లే. కానీ ఈ కష్టాలన్నీ డబ్బు తీసుకునే ముందు కూడా ఉన్నవే కదా. మీ 32 వేలు వాళ్లకు వడ్డీలేని పెట్టుబడి అయింది. కాబట్టి పని ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకునే హక్కు మీకుంది.

ఇక చట్టం సంగతి. 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం, చెప్పిన డెలివరీ తేదీకి సరుకు ఆలస్యమైతే అమ్మకందారు రిఫండ్ నిరాకరించకూడదు. ప్రకృతి వైపరీత్యం లాంటి చేతిలో లేని కారణాలకు మినహాయింపు ఉంది గానీ, కోటింగ్ వాడు లేటు చేశాడన్నది నా దృష్టిలో ఆ కోవలోకి రాదు. "ప్రీ-ఆర్డర్లకు రిఫండ్ లేదు" అని సైట్లో రాసుకున్నా సరే, మీరు అడగండి.

వాట్సాప్ పక్కన పెట్టి ఈమెయిల్ రాయండి. ఆర్డర్ నంబరు, కట్టిన తేదీ, ఎనిమిది వారాలన్న మాట (ఆ పేజీ స్క్రీన్‌షాట్ ఇవాళే తీసి పెట్టుకోండి, రేపు మార్చేస్తారు), పదిహేను రోజుల్లో డబ్బు వెనక్కి కావాలన్న మాట, అంతే. తిట్లు వద్దు. అదే రోజు కార్డు బ్యాంకుకి కూడా సరుకు అందలేదని, ఆ డబ్బు వెనక్కి ఇప్పించమని డిస్ప్యూట్ పెట్టండి. ఇక్కడ నిజం చెప్పాలి, వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి కార్డు నెట్‌వర్క్‌లలో డిస్ప్యూట్ పెట్టడానికి సాధారణంగా ఇస్తామన్న తేదీ నుంచి 120 రోజుల లెక్క ఉంటుంది, మీ ఎనిమిది వారాలు ఆగస్టు మొదట్లో అయిపోయాయి కాబట్టి డిసెంబరు మొదటికే ఆ గడువు దాటినట్టు. ఆ "రెండు వారాలు సార్" మీకు చేసిన నష్టం ఇదే. అయినా వాళ్లు తేదీ మార్చినట్టున్న మెసేజీలన్నీ జతచేసి పంపండి, బ్యాంకు వాళ్లు ఆ కొత్త తేదీని లెక్కలోకి తీసుకుంటారేమో అడగడంలో పోయేదేం లేదు.

పదిహేను రోజుల్లో కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. దాంతోనూ కాకపోతే ఈ-జాగృతి పోర్టల్లో జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు. మీరు కట్టిన మొత్తం 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు, కోయంబత్తూరు వెళ్లక్కర్లేదు, మీరుండే జిల్లాలోనే వేయొచ్చు. సమస్య మొదలైన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. లాయరు తప్పనిసరి కాదు.

ఒకవేళ ఈలోగా ర్యాక్ వచ్చేసి మీరు తీసుకోవాలనుకుంటే బిల్లు జాగ్రత్తగా చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. బిల్లు ఇప్పుడు కొడితే కొత్త రేటే పడాలి. మీ 32 వేలలో అసలు ధర 25 వేలు, పన్ను 7 వేలు అనుకుంటే ఇప్పుడు అయ్యేది 29,500. మిగతా 2,500 అడగండి. డబ్బు కట్టినప్పుడే బిల్లు కూడా ఇచ్చేసి ఉంటే మాత్రం పాత రేటే.

ప్రశ్న: నేను అవతలి వైపు మనిషిని. మాది ఆటోనగర్లో చిన్న ఫ్యాబ్రికేషన్ షాపు. సైడ్ స్టెప్పులకు అడ్వాన్సులు తీసుకున్నాం, రెండు నెలలు లేటయ్యాం. కస్టమర్లకు ఫోన్ చేయడానికి మొహం చెల్లడం లేదు. కొత్త ఆర్డర్లు తీసుకుని ఆ డబ్బుతో పాతవి పూర్తి చేద్దామనుకుంటున్నాం.
– ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: అన్నా, ఆ చివరి వాక్యం దగ్గరే ఆగిపోండి. కొత్తవాళ్ల అడ్వాన్సుతో పాతవాళ్ల స్టీలు కొన్నారంటే, ఆ కొత్తవాళ్ల స్టీలుకి ఇంకొకరి అడ్వాన్సు కావాలి. ఒక నెల ఆర్డర్లు తగ్గాయంటే మొత్తం కూలుతుంది, నిజాయితీగా పనిచేసే షాపు మీద కూడా చీటింగ్ ఫిర్యాదు దాకా వస్తుంది. ఇవాళే కొత్త ఆర్డర్లు ఆపండి.

తర్వాత ఫోన్ చేయండి, మొహం చెల్లకపోయినా సరే. ఏ పని ఎక్కడ ఆగిందో ఉన్నదున్నట్టు చెప్పి, వెల్డింగ్ అయిన ముక్కల ఫొటో పంపి, వేచి ఉంటారా, డబ్బు తీసుకుంటారా అని మీరే అడగండి. ఎదురుచూసే మనిషికి ఏ కబురూ లేకపోవడమే పెద్ద టెన్షన్. అలా అడిగితే కొందరైనా ఆగుతారు. ఆగనివాళ్లకు ఇవ్వడానికి డబ్బు లేకపోతే రెండు వాయిదాల్లో ఇస్తానని తేదీలతో రాసివ్వండి, ఆ తేదీలు మాత్రం తప్పొద్దు. ఇకమీదట అడ్వాన్సులకు వేరే బ్యాంకు ఖాతా పెట్టుకుని, మొదటి జత బండికి బిగించి చూశాకే ఆర్డర్లు తెరవండి. మీది ప్రైవేట్ లిమిటెడ్ అయితే ఇంకోటి, సరుకు కోసం తీసుకున్న అడ్వాన్సును 365 రోజుల్లో సరుకు కింద సర్దకపోతే కంపెనీల చట్టం నిబంధనల్లో అది డిపాజిట్ లెక్కలోకి పోతుంది. మీ ఆడిటర్‌తో ఈ వారమే మాట్లాడండి.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. అక్కడి చిన్న షాపులో సస్పెన్షన్ కిట్ ఆర్డరిచ్చి నెలలవుతోంది. అమెరికాలో పద్ధతి వేరా?
– ఓ తల్లి, గుంటూరు

జవాబు: వేరేనండీ, ఇంకొంచెం కచ్చితంగా ఉంటుంది. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం ప్రకారం ఆన్‌లైన్లో అమ్మేవాళ్లు చెప్పిన గడువులో, ఏ గడువూ చెప్పకపోతే 30 రోజుల్లో, సరుకు పంపాలి. కుదరకపోతే కొత్త తేదీ చెప్పి, రద్దు చేసుకునే అవకాశం కూడా వాళ్లే ఇవ్వాలి. రెండోసారీ వాయిదా వేస్తే కొనేవాళ్లు స్పష్టంగా ఒప్పుకుంటేనే ఆర్డర్ నిలుస్తుంది, ఒప్పుకోకపోతే అడగకపోయినా డబ్బు తిరిగి ఇచ్చేయాలి. క్రెడిట్ కార్డు మీద కట్టి ఉంటే బిల్లు వచ్చిన 60 రోజుల్లోపు బ్యాంకుకు రాతపూర్వకంగా రాసే హక్కు కూడా ఉంది. అబ్బాయిని ముందు ఆ ఆర్డర్ ఈమెయిల్ తీసి, అందులో ఏ తేదీ ఉందో, కార్డు బిల్లు ఎప్పుడొచ్చిందో చూడమనండి.