పటంలో చుక్క పడని చోటు

అనంతపురం

చిరంజీవికి ఆశీస్సులు.

అమ్మాయీ, నీవు పంపిన వ్యాసమూ దానికి జతచేసిన పటమూ నాలుగు రోజులుగా నా బల్లమీదనే ఉన్నాయి. పాత అనంతపురం జిల్లా పటంలో కొండ, దుర్గం అని ముగిసే ఊళ్లకు మట్టిరంగు చుక్కలు, చెరువు, కుంట, సముద్రం అని ముగిసే ఊళ్లకు నీలి చుక్కలు పెట్టావు. పెనుకొండ, ఉరవకొండ, రాయదుర్గం ఒక రంగులోనూ, కొత్తచెరువు, బుక్కరాయసముద్రం మరొక రంగులోనూ కనిపిస్తున్నాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే సీమలో ఊరికి సముద్రమని పేరు పెట్టుకున్నారంటే, మాటగా విన్నప్పుడు నవ్వి ఊరుకుంటాము. అదే నీ పటంలో చూస్తే కట్ట పోసిన వాళ్లు గుర్తుకు వస్తారు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి చెరువు శాసనం ఉంది. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో లెక్క రాసి పెట్టారు. దానిని పక్కన పెట్టుకుని చదివితే ఒక్కొక్క నీలి చుక్క కింద ఎంత మట్టి ఉందో తెలుస్తుంది.

పేచీ అంతా పటం కింద నీవు రాసిన వాక్యంతోనే. చుక్కలు లేని చోట చెరువును తలచుకునే అలవాటే లేదని తేల్చేశావు. ఇటువంటి తీర్పు నేనూ ఒకసారి ఇచ్చి నవ్వులపాలయ్యాను. చెక్కభజన పాటలు సేకరించే రోజుల్లో గోడకు తాలూకా పటం తగిలించి, పాట దొరికిన ప్రతి ఊరి మీదా మా ఇంటావిడ బొట్టుబిళ్ల ఒకటి అంటించేవాణ్ణి. ఏడాది తిరిగేసరికి బిళ్లలన్నీ ఒక వంకర గీతలాగా తేలాయి, నేను దానిమీద ఒక సిద్ధాంతం కూడా అల్లాను. ఊరినుంచి వచ్చిన మా బావమరిది గోడ దగ్గర నిలబడి, "ఇది మన పల్లె బస్సు పొయ్యే దావ గదా బావా" అన్నాడు. బస్సు పోని ఊళ్లకు నేను పోనేలేదు.

అన్నమయ్య సంకీర్తనల రాగాలను లెక్కగట్టి గ్రాఫు గీస్తానని కూడా రాశావు. మంచి పని, రాగిరేకుల మీద పాటకు రాగం పేరు చెక్కి ఉంది కాబట్టి లెక్క కుదురుతుంది. అయితే ఆయన 32,000 పాడాడని సంప్రదాయం చెబుతుంది, మనకు దక్కినవి సుమారు 12,000. దక్కనివాటికి కూడా ఒక నిలువు గీత గీసి, ఆ తరువాతనే మిగిలినవి గీయి. పాఠకుడు ముందు ఆ పొడుగు చూడాలి.

1854లో లండన్ బ్రాడ్ వీధిలో కలరా చావులను పటం మీద గుర్తించిన వైద్యుడు జాన్ స్నో పేరు నీవూ ఉదాహరించావు. పటం గీయడానికి ముందే ఆయన ఇల్లిల్లూ తిరిగి, ఏ నీళ్లు తాగారని అడిగాడన్న సంగతి మాత్రం వదిలేశావు. ఆ వీధిలోనే బీరు కాచే కర్మాగారంలో పనివాళ్లు చావలేదు, దగ్గరలోని పేదల వసతి గృహంలో 535 మందికి అయిదుగురే పోయారు. కర్మాగారంవాళ్లు బీరు తాగేవాళ్లు, వసతి గృహానికి సొంత బావి ఉంది. చుట్టుపక్కలవాళ్లు నీళ్లు పట్టుకునే ఆ వీధి బోరింగు మీద ఆయన అనుమానం గట్టిపడింది చావులు లేని ఈ చోట్లవల్ల కూడా.

ఇక నీ పటంలో అన్నిటికంటే తెల్లగా ఉన్నది మడకశిర వైపు. అది కన్నడ సరిహద్దు, అక్కడ చెరువును కెరె అనేవాళ్లు ఎందరో ఉన్నారు. నీవు వెతికిన ముగింపులన్నీ తెలుగువే. ఆ మాటను జాబితాలో చేర్చుకుని, వీలైతే రెండు రోజులు ఆ ఊళ్లలో తిరిగి, అడిగినా దొరకని చోటికి ఒక గుర్తు, అసలు అడగని చోటికి వేరొక గుర్తు పెట్టి పటం మళ్లీ గీయి. వ్యాసం అంతవరకు నా దగ్గరే ఉంచుతాను.

ఇట్లు,
నీ క్షేమం కోరే పెద్దవాడు